బాక్సర్ పురుగుల వియ్యం

అమీన్‌పూర్‌లో కాపురముండే సుకుమారి పటాన్‌చెరులో సోషల్ టీచరు. నలభై దాటాక ఆమెకు గొల్లభామల పిచ్చి పట్టుకుంది. ముందుకాళ్లు జోడించి దండం పెట్టే ఆ పురుగులను పచ్చడి సీసాల్లో వేసి, మూతికి పాత నైలాన్ చీర ముక్క కట్టి, బాల్కనీలో సాకేది. వాటి మేతకు ఈగలు కావాలని వంటింట్లో అరటిపళ్లు పనిగట్టుకుని కుళ్లబెట్టేది. భర్త సత్యానందం మందుల ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ముక్కు మూసుకుని, "ఇది ఇల్లా, చెత్తకుండీయా?" అనేవాడు. ఆమె నవ్వి ఇంకో పండు తెచ్చేది.

ఓ సాయంత్రం చెరువు పక్కన ఎండుటాకుల్లో ఆమెకు ఎన్నడూ చూడని పిల్ల పురుగు దొరికింది. మట్టి రంగు, బొద్దు ఒళ్లు, వెడల్పాటి ముంజేతులు. దగ్గరికి వెళితే వాటిని ఒకటి మార్చి ఒకటి ఆడిస్తూ బెదిరిస్తోంది. ఫోటో తీసి, గొల్లభామలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎవరికీ పేరు తెలియలేదు. "రెక్కలు రానీయండి, అప్పుడే చెప్పగలం" అన్నారు.

మర్నాడు వెలిమెల నుంచి కౌసల్య అనే రైతు ఇల్లాలు మరో ఫోటో పెట్టింది. "మా జామతోటల దొరికింది టీచరమ్మా. ఇది గూడ గట్లనే చేతులూపుతది. రెండూ ఒక్కటే జాతి."

సుకుమారికి రోషం వచ్చింది. "ఒక్కటెట్లయితది? నాది గుండ్రాయి, నీది అగ్గిపుల్ల!"

ఇద్దరూ వాయిస్ మెసేజీల్లో రోజూ పోట్లాడుకున్నారు. గ్రూపు జనం చాయ్ తాగుతూ విన్నారు.

ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతుండగా పురుగు చీర ముక్కకు తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. వీపు చీలుతోంది. ఆఖరి కుబుసం! సుకుమారి చెప్పులు విప్పేసింది.

"ప్రార్థనకు టైమయితుంది," అన్నాడు సత్యానందం.

"ఇది గూడ చేతులు జోడించేదే కదా. ఇయ్యాల దీనితోనే చేస్కుంట."

అతను వాదించబోయాడు. కానీ పురుగు పాత చర్మంలోంచి ఒక్కో కాలూ లాక్కుంటుంటే చూస్తూ చూస్తూ బైబిలు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

కొత్త రెక్కలు సగం పొట్ట దగ్గరే ఆగిపోయాయి. సుకుమారి వెంటనే కౌసల్యకు వీడియో కాల్ చేసింది. కౌసల్య పురుగుకు అప్పటికే రెక్కలొచ్చాయి. అవి పొట్ట చివర దాటిపోయాయి.

"సూసినవా? నీదానికి పొడుగు రెక్కలు, నాదానికి పొట్టివి. జాతే వేరు!" అని గెలిచినట్టు అరిచిన సుకుమారికి అంతలోనే ఓ అనుమానం తట్టింది. సీసా పైకెత్తి, కింది నుంచి పొట్ట మడతలు లెక్కపెట్టింది. "కౌసల్యా, నీదానికి ఎన్ని మడతలు?"

"ఎనిమిది."

"నాదానికి ఆరు! ఆరుంటే ఆడది, ఎనిమిదుంటే మగది. అయ్యో దేవా! నాది పిల్ల, నీది పిల్లగాడు!"

ఇద్దరూ ఫోన్లలోనే విరగబడి నవ్వారు. గ్రూపు పెద్దాయన ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఇవి పిడికిళ్లు ఆడించే బాక్సర్ మాంటిస్ అనే గొల్లభామల జంటేనని తేల్చాడు.

ఆకలి మీదున్న పెళ్లికూతురు పెళ్లికొడుకునే తినేసే కులం వాటిది. అందుకని సుకుమారి పిల్లకు పక్షం రోజులు ఈగలు మెక్కించింది. తర్వాత కౌసల్య ఆటో దిగింది, ఒళ్లో సీసా, చేతిలో జాకెట్ గుడ్డ, అరటిపళ్లు.

"పిల్లగాని తరఫున వచ్చిన వదినా! మావోడు బక్కోడు, జెర పైలం."

రెంటినీ పరదా మీద వదిలారు. పిల్ల పిడికిలెత్తగానే పిల్లగాడు ఎగిరి సత్యానందం కళ్లద్దాల మీద వాలాడు.

"కదలకు!" అని ఆడవాళ్లిద్దరూ ఒక్కసారే కేకపెట్టారు. అతను ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడ్డాడు. కాసేపటికి పిల్లగాడికి ధైర్యమొచ్చి పరదా మీదికి తిరిగి వెళ్లాడు. పెళ్లి జరిగిపోయింది, ప్రాణనష్టం లేకుండా.

కొన్ని వారాలకు, పిల్ల పెట్టిన గుడ్ల తిత్తి పగలడం ముందు చూసింది సత్యానందమే. "సుకుమారీ, జల్దీ రా! పొట్టి పొట్టియి! పుట్టుడుతోనే పిడికిళ్లు లేపుతున్నయి!"

ఆమె గరిటెతోనే పరుగెత్తుకొచ్చి, బాల్కనీలో గంతులేసి, ఫోన్ అందుకుంది. "వదినా! మనకు మనుమలు పుట్టిన్రు!"

"ఎవరి పోలిక?"

సుకుమారి నల్లగా లుకలుకలాడుతున్న సీసాలోకి తొంగి చూసింది.

"చీమ పోలిక!"