జీడి బొగ్గు, ఎర్ర కారు

మా బావ ఆ కారు తెచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వెలిగించాల్సినదాన్ని నేనే, ముఖం మాడ్చుకుని మంచం మీద కూర్చున్నాను.

బావంటే నా మొగుడే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా నా నోటికి ఆ పిలుపే అలవాటు. భావనపాడు రేవులో మరపడవల ఇంజిన్లు బాగుచేసేవాడు. నేను పలాసలో చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. కాశీబుగ్గలో రెండు గదుల ఇల్లు, మాతో మా అత్త. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన మాట. విశాఖపట్నంలో ఎవరో ఓడ ఇంజినీరు ఏళ్ళ తరబడి వాడి వదిలించుకున్న జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి మా గుమ్మం ముందు వచ్చి ఆగింది. ఎర్రటి ఎరుపు. రెండే తలుపులు. నాకు మాటమాత్రమైనా చెప్పకుండా కొన్నాడు, అదీ నా మంట.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"కారే."

"కారని నాకూ తెల్సు. మనకెందుకని?"

"తోలడానికి" అన్నాడు, అంతకంటే కారణం ఏం కావాలన్నట్టు.

దాని సంగతి ఏమని చెప్పను! కాశీబుగ్గ రోడ్డు మీద ప్రతి గతుక్కీ దాని కడుపు నేలకు రాసుకునేది. వెనక సీటంటూ ఉంది గానీ కొబ్బరికాయల బస్తా పట్టాలే తప్ప మనిషి పట్టడు. మొదటిసారి మా అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ కాళ్ళు బారజాపుకుని, మొహం ఆకాశంలోకి పెట్టుకుని కేకలేసింది. "ఓలమ్మో, ఇది కూకోడం కాదురా, పడుకోడం! పాడె మీదెట్టినట్టున్నాది నన్ను. దించీరా!" వీధి వీధంతా నవ్వింది. బావ కూడా పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని బిగబట్టుకున్నాను.

కొన్న ఆరేడు నెలలకు ఒకనాడు బావ ఇంజిన్ పక్కనుంచి పాలడబ్బా అంత నల్ల డబ్బా ఒకటి ఊడదీశాడు. దాని అడుగు మూత పగిలింది. లోపలున్న నల్లటి గింజలు పెరట్లో పేపరు మీద పోశాడు. మిరియాలంత ఉన్నాయి.

"ఏటివి?" అన్నాను.

"ట్యాంకులో పెట్రోలు ఊరికే ఉండదే, ఆవిరవుతాది. ఆ ఆవిరి గాల్లో కలిసిపోకండా ఈ బొగ్గు పట్టీసుకుంటాది. బండి నడిసేటప్పుడు ఇదిగో, ఈ వాల్వు తెరుసుకుంటాది, ఇంజిన్ ఆ ఆవిరిని పీల్చీసుకుంటాది. గాలి పాడవకండా ఉండడానికి పెట్టారన్నమాట."

"అయితే బొగ్గేనా?"

"బొగ్గే" అన్నాడు.

ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

అదే రోజు రేవు నుంచి కబురొచ్చింది, పడవ ఇంజిన్ మొరాయించిందని. పేపరు మీద బొగ్గు అలాగే వదిలేసి వెళ్ళి రెండు రోజులు రాలేదు. మర్నాడు మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తాడన్నారు. గంజి పెట్టిన చీర ఇస్త్రీ చేద్దామంటే కరెంటు లేదు. అటకమీది బొగ్గుల ఇస్త్రీ పెట్టె దించాను. ఇంట్లో బొగ్గు నిండుకుంది. పెరట్లో చూస్తే శుభ్రమైన నల్లబొగ్గు, పేపరు నిండా! చేటతో ఎత్తి పెట్టెలో పోశాను, అగ్గిపుల్ల గీశాను.

భగ్గుమంది. ఏళ్ళ తరబడి పెట్రోలు ఆవిరి తాగిన బొగ్గు మరి! నా కనుబొమలు చురుక్కుమన్నాయి. పెట్టె పెరట్లోకి విసిరేసి, చీర అటు విసిరేసి, "దేవా, దేవా" అంటూ గోడకు అతుక్కుపోయాను. చీర కొంగుకి గుప్పెడంత కంత పడింది. అత్త ప్రార్థన మందిరంలో స్త్రీల కూటానికి వెళ్ళడం నా అదృష్టం, చూసినవాళ్ళు లేరు.

బావకు ఏం చెప్పను? చెప్పకుండా కారు కొన్నావని నెలల తరబడి సాధించినదాన్ని, ఇప్పుడు నేను దొరికిపోవడమా? పలాసలో బొగ్గుకి కరువా అనుకున్నాను. మా వెనక వీధిలోని జీడిపప్పు ఫ్యాక్టరీ పెరట్లో, కాల్చిన జీడిపిక్కల తొక్కలు గుట్టగా పడి ఉంటాయి. సంచీడు తెచ్చి, దంచి, జల్లించి, అచ్చం అదే సైజు చేసి పేపరు మీద పోశాను. మన చేతిపనికి వంక పెట్టేవాడు లేడనుకోండి. బావ తిరిగి రాగానే నేనే ఎదురు కసిరాను కూడా. "నీ బొగ్గులు నువ్వెట్టుకో, పెరడంతా మసి!" పాపం, వాటినే డబ్బాలో నింపి, మూత అతికించి బిగించేశాడు.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది దాని రోగం. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ గడగడ వణికేది. పెట్రోలు నింపిన వెంటనే స్టార్టయ్యేది కాదు. బంకు దగ్గర వెనక లారీవాళ్ళు హారన్లు కొడుతుంటే నేను దిగి తోసిన రోజులున్నాయి, టీచరమ్మను! లోపల ఇంజిన్ బొమ్మతో ఒక పసుపు దీపం వెలిగి, ఇక ఆరనంది.

సరిగ్గా అప్పుడే కారుకి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలంటే ముందు పొగ పరీక్ష పాసవ్వాలి. పాసైన కాగితం లేకపోతే ఆ నెలాఖరు తర్వాత బండి రోడ్డెక్కకూడదు. టెక్కలిలో పెట్రోలు బంకు పక్కన పరీక్ష చేసే వ్యాన్ ఉండేది. ఆ వ్యాన్ కుర్రాడు సైలెన్సర్లో గొట్టం దూర్చి, మిషన్ చూసి తల అడ్డంగా ఊపాడు. "అన్నా, ఇది పొగ కాదు. సగం పెట్రోలే వచ్చీస్తంది బయటికి."

ప్లగ్గులు మార్చాడు. ఫిల్టర్లు కడిగాడు. ట్యాంకు మూతకు కొత్త వాషరు వేశాడు. రెండోసారీ తప్పింది.

"ఇంకొక్కసారి సూడు" అన్నాను నేను. "అప్పటికీ కాయితం రాకపోతే పాత ఇనప కొట్టుకి ఇచ్చీ బావా. నాను తొయ్యలేను."

"సరే" అన్నాడు. ఏదీ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. గెలిచేశానని నాకు ఒకటే సంబరం.

మర్నాడు సాయంత్రం బడి నుంచి రాగానే పిలిచాడు. "ఇలా రా. ఈ రబ్బరు గొట్టం గట్టిగా నొక్కి పట్టుకో." కుచ్చిళ్ళు దోపుకుని ఇంజిన్ మీదికి వంగి, రెండు వేళ్ళతో నొక్కాను. అంతవరకూ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్న ఇంజిన్ ఠక్కున కుదురుకుంది. వదిలాను, మళ్ళీ వణికింది. నొక్కాను, నిమ్మళించింది. ఇంజిన్ నా వేళ్ళ మధ్య ఉన్నట్టనిపించి భలే సరదా వేసింది. నాలుగైదు సార్లు ఊరికే నొక్కి వదిలాను.

"దొరికీసిందే!" అని గెంతాడు బావ. "ఇది బొగ్గుడబ్బా నుంచి ఇంజిన్‌కొచ్చే గొట్టం. బండి ఆగున్నప్పుడు ఈ వాల్వు మూసుకునుండాల. తెరుసుకుని ఉండిపోనాది. అక్కర్నేనప్పుడు కూడా ఆవిరి పీల్చీసి ఉక్కిరిబిక్కిరైపోతంది."

వాల్వు ఊడదీసి, కొస నోట్లో పెట్టుకుని ఊదాడు, పీల్చాడు. రేవులో డీజిలు గొట్టాలు నోటితో లాగే అలవాటు. మూసుకుని ఉంటే గాలి పోకూడదు. ధారాళంగా పోతోంది. లోపల నల్లటి జిగురు.

"ఈ జిగురెక్కడిదే?"

"నాకేటి తెల్సు?" అన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు.

పొద్దున్న లేచేసరికి బావ మూతి బూరెలా పొంగింది. పెదాల చుట్టూ నీటి పొక్కులు. అత్త గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. "ఇది జీడి పొక్కేరా. నలబయ్యేళ్ళు పిక్కలు కొట్టాను, నాకు తెల్దేటి?"

పొయ్యి దగ్గర నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. జీడి తొక్కలు సరిగా కాలకపోతే వాటిలో ఒళ్ళు పొక్కించే జీడినూనె ఉండిపోతుంది. పెట్రోలు ఆవిరికి అది కరిగి, వాల్వులోకి చేరి, జిగురై పట్టేసింది. చిన్నప్పటినుంచి జీడి మధ్య పెరిగినదాన్ని, ఇంత చిన్న విషయం తోచలేదు నాకు!

"బండిలో జీడెందుకుంటాదమ్మా? ఏదో ఇంజినాయిలు పడ్నేదు" అన్నాడు బావ. నా వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర, మూతి నొప్పికి గంజి తాగుతూ అన్నాడు, "సోమారం పాత ఇనప కొట్టోడు వత్తాడు. బండిచ్చీద్దాం."

నేను కోరుకున్నదే. నోరు మూసుకుంటే చాలు, వాకిట్లో పీడ విరగడవుతుంది. నా కొంగు కంత సంగతీ ఎవరికీ తెలియదు. అయినా ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. అతను కారు తుడవడం మానేశాడు. రోజూ పొద్దున్నే లుంగీ పైకి కట్టి, పాత బనియను గుడ్డతో అద్దాలు తుడుస్తూ ఈల వేసే మనిషి, దాని పక్కనుంచి తలవంచుకుని నడిచి వెళ్ళిపోతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఈలను కూడా ఎన్నిసార్లు విసుక్కున్నానో!

ఆదివారం మందిరంలో అందరికంటే గట్టిగా పాడే గొంతు అతనిది. ఆవేళ పొక్కుల మూతితో, పాటల పుస్తకం తెరిచి ఊరికే నిలబడ్డాడు. ఆడవాళ్ళ వరసలోంచి చూస్తున్న నాకు ఇక వల్ల కాలేదు. ఇంటికి రాగానే అరుగు మీదే మొదలుపెట్టాను.

"బావా, నీ మూతి నావల్లే వాసింది."

చెప్పేశాను. ఇన్‌స్పెక్టరు, చీర, మంట, జీడి బొగ్గు, జల్లెడ, అన్నీ. నిలబడి విన్నాడు. విని, విని,

"ఇస్త్రీ పెట్టెలో ఏసావా?" అన్నాడు. "పెట్రోలు తాగిన బొగ్గు? అగ్గిపుల్ల గీసావా?"

"గీసాను."

నవ్వు మొదలైంది. నవ్వితే పొక్కులు చిట్లుతున్నాయి. "అబ్బా, నవ్వించకే, నొప్పి" అంటూనే అరుగు మీద దొర్లాడు. లోపలినుంచి వచ్చిన అత్తకు సంగతి తెలిసి, ఆవిడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళు వచ్చేదాకా.

వెంటనే మోటార్ సైకిలు మీద కవిటి వెళ్ళాం. కిడ్నీ జబ్బుల భయానికి ఆ ఉద్దానం ఊళ్ళలో అప్పుడప్పుడే ఫిల్టరు నీళ్ళు అలవాటవుతున్న రోజులు. అక్కడ నీళ్ళ ఫిల్టరు చూసుకునే స్నేహితుడు బావకు ఉన్నాడు. ఆ ఫిల్టర్లలో పోసే బొగ్గు కొబ్బరి చిప్పలదే, గాలినీ నీటినీ శుభ్రం చేసే జాతిది. "కారుకి నీళ్ళ ఫిల్టరేట్రా?" అని ఆయన నోరు తెరిచాడు గానీ, కొత్త బస్తా విప్పి పొడి గింజలు డబ్బాకు సరిపడా ఇచ్చాడు. వచ్చి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళలాగే ఇద్దరం జీడి అంటకుండా చేతులకు ఆముదం పూసుకుని, జీడి బొగ్గు పారబోసి, గొట్టాలన్నీ కడిగాం. వాల్వుని పెట్రోల్లో నానబెట్టి, ఇయర్‌బడ్డుతో నేనే తుడిచాను. కరెంటు ఇస్తే టక్కుమని తెరుచుకుంది, తీస్తే టక్కుమని మూసుకుంది. ఆ టక్కు మా అత్త కూడా పదిసార్లు చేయించుకుని విన్నది.

సోమవారం బడికి సెలవు పెట్టి నేనూ టెక్కలి వెళ్ళాను. మేము బయల్దేరాక పాత ఇనప కొట్టువాడు వస్తే, అత్త అతనికి టీ ఇచ్చి, మాడిపోయిన ఇస్త్రీ పెట్టె చేతిలో పెట్టి పంపించేసింది.

వ్యాన్ కుర్రాడు గొట్టం దూర్చాడు. మిషన్ మీద అంకెలు పైకి కదిలి, దిగి, ఆగాయి. నేను గుడ్డి నమ్మకంతో కళ్ళు మూసుకున్నాను. "పాసు!" అన్నాడు. "ఏటి సేసారన్నా? కొత్త కారు కూడా ఇలా రాదు." బావ కాగితం రెండుసార్లు చదివి, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వ్యాన్ కుర్రాడికి టీ, బంకు కుర్రాళ్ళకు టీ, దారిన పోయే ఆటోవాడికి కూడా టీ ఇప్పించాను.

తిరుగు దారిలో పసుపు దీపం లేదు, వణుకు లేదు. బావ ఉన్నట్టుండి అన్నాడు, "నాకు తెల్సే."

"ఏటి?"

"మూతి వాసిన పొద్దున్నే తెల్సింది. పలాసోడికి జీడి పొక్కు తెల్దేటి? నాను రేవుకెళ్ళినప్పుడు ఆ బొగ్గు నీ దగ్గరే ఉన్నాది."

"కావాలని సేసాననుకున్నావా?"

"అలాగే అనుకున్నాను. నీకు దీని మీద అంత కసుంటే, ఎందుకులే, ఇచ్చీద్దామనుకున్నాను."

"మరి నన్నడగొచ్చు కదా?"

రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అడిగితే నువ్వు అవునంటావేమోనని బయమేసింది."

బండి పక్కకు ఆపమన్నాను. ఆపాడు. భుజం మీద రెండు దెబ్బలు గట్టిగా వేసి, అదే భుజానికి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాను. అతను పొక్కుల మూతితో నా తల మీద ముద్దు పెట్టి "అబ్బా" అన్నాడు. మళ్ళీ బయల్దేరాం. పలాస వచ్చింది. కాశీబుగ్గ వచ్చింది. మా వీధి మలుపు దగ్గర బండి నెమ్మది చేశాడు.

"ఆపావంటే ఊరుకోను. తోలు బావా" అన్నాను.