ఆఫ్‌సైడ్ తెలియని అసిస్టెంట్ కోచ్

నిన్న ఉదయం, నేను ఒకప్పుడు పనిచేసిన బడి నుంచి కొత్త ప్రిన్సిపాల్ ఫోన్ చేసింది. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని తీసుకుంటున్నారట, ఎలాంటి మనిషిని చూడాలో నాలుగు ముక్కలు రాసి పంపమంది. రిటైరైనవాడికి పని చెప్పేవాళ్ళు ఉండడమే గొప్ప కనక, కాఫీ తాగి, చైతన్యపురిలో మా రెండో అంతస్తు బాల్కనీలో కాగితం పెట్టుకుని కూర్చున్నాను. కింద హాస్టళ్ళ పిల్లలు వీపున సంచులతో క్లాసులకి పరుగులు తీస్తున్నారు. ఈ వీధిలో కోచింగ్ అంటే ఇంజనీరింగ్ సీటు కోసమే. నేను కోచ్‌నని చెప్పినప్పుడల్లా "ఏ సబ్జెక్టండీ?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. మొదటి మాటగా "ఆట బాగా తెలిసి ఉండాలి" అని రాశాను. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, కొట్టేశాను. నాకు దొరికిన అసిస్టెంట్ కోచ్‌కి ఆట తెలియదు మరి.

ఆవిడ మా బడిలో ఆటల సామాను గది చూసుకునేది. ఊరు నల్లగొండ వైపు ఒక పల్లె. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక తెల్లచీరలోనే గ్రౌండ్‌కి వచ్చేసేది. ఆడపిల్లల జట్టు వెంట ఒక మహిళ ఉంటేగాని టోర్నమెంటుకి రానివ్వమని నిర్వాహకులు అన్నప్పుడు, ఇంకెవరూ ఒప్పుకోక, కాగితం మీద ఆవిడ పేరు రాశాను. పేరుకే అనుకున్నాను. ఆవిడ మాత్రం మర్నాడే బూట్లు కొనుక్కుని వచ్చింది. చీర మీద ఆ బూట్లు చూసి పిల్లలు పకపకా నవ్వితే, వాళ్ళకంటే గట్టిగా తనే నవ్వింది.

నేర్పుదామని నేనూ ప్రయత్నించకపోలేదు. ఎల్బీ నగర్ వెనక ఎర్రమట్టి మైదానంలో మాకు ప్రాక్టీసు. అవి మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. రోడ్డంతా తవ్విపోసి ఉండేది, ఈల ఊదితే నోట్లోకి ముందు దుమ్ము వచ్చేది. నీళ్ళ సీసాలు నేల మీద వరసగా పెట్టి, ఇది బంతి, ఇది డిఫెండరు అంటూ అరగంట ఆఫ్‌సైడ్ రూలు వివరించాను. ఆవిడ బుద్ధిగా విని, "అంటే బాల్ రాకముందే ముందుగాల ఉరికితే తప్పా సార్? ముందుగాల ఉరకమనే గద మీరు రోజూ ఒర్రేది?" అంది. మా గుడివాడలో కాలేజీ జట్టుకి ఆడినవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా కోచ్‌ని. సీసాలు తీసేశాను.

అయితే ఆవిడకి తెలిసినవి వేరే ఉన్నాయని మెల్లగా తెలిసింది. నెలలో రెండు రోజులు ఒక్కో పిల్ల కడుపునొప్పని చెప్పి మానేస్తుంటే నేను బద్ధకమని కసిరేవాణ్ణి. ఆవిడ వచ్చాక కసరడం మాన్పించింది. ఎలాగంటే, నాతో ఒక్క మాటా అనకుండా, ఆ రోజుల్లో ఆ పిల్లని తన పక్కన కూర్చోబెట్టుకుని బంతులకి గాలి కొట్టించేది. ఆవిడ సంచీలో నిమ్మకాయలు, గ్లూకోజు, పిన్నీసులు, జడ రబ్బర్లు, పిల్లలకి మాత్రమే తెలిసిన ఇంకో పొట్లం ఉండేవి. ఎవరు తినకుండా వచ్చారో, ఎవరింట్లో గొడవైందో, ఎవరికి బూటు కరుస్తోందో మైదానంలోకి నడిచొస్తుంటేనే చెప్పేది. నాకు పిల్లలు జెర్సీ నంబర్లుగా గుర్తుంటే, ఆవిడకి మనుషులుగా గుర్తుండేవాళ్ళు. ఈ తేడా అప్పట్లో నాకు పెద్ద విషయంగా తోచలేదు.

ఆ ఏడు మా జట్టు మొట్టమొదటిసారి ఫైనల్‌కి చేరింది. మా కెప్టెన్ అల్మాస్‌గూడ పిల్ల. తండ్రి తాపీమేస్త్రీ. డిఫెన్స్ మొత్తం ఆ పిల్ల భుజాల మీదే నడిచేది. ఆట ఇంకో పదిహేను నిమిషాలుందనగా, స్కోరు ఒకటీ ఒకటీగా ఉన్నప్పుడు, బంతిని తలతో కొట్టబోయి ఎదుటి పిల్ల తలకి ఢీకొని పడిపోయింది. లేపి గీత బయటికి తీసుకొచ్చాం. రక్తం లేదు, బొప్పి లేదు. "ఆడతా సార్" అంటోంది. నాకు కావలసింది ఆ మాటే. ఈలోగా అసిస్టెంట్ ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, మొహం మీద నీళ్ళు తుడుస్తూ, "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఉప్మా" అంది పిల్ల.

ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడనంత చిన్నగా, "సార్, పొద్దుగాల ఇడ్లీ నేనే దగ్గరుండి తినిపించిన. ఉప్మా అంటున్నది. వద్దు సార్, ఆడొద్దు" అంది.

"ఇంకో పదిహేను నిమిషాలేనమ్మా."

"నేనైతే పంప సార్."

అంతవరకూ ఆవిడని 'మీరు' అంటూ వచ్చినవాణ్ణి, రెండు జట్లూ వినేలా అరిచాను. "ఆఫ్‌సైడంటే ఏంటో తెలీదు, నువ్వు నాకు చెబుతావా!" ఆవిడ మొహం ఎర్రబడింది. వెళ్ళి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని పట్టుకుంది. ఆ చేతులు విడదీసే ధైర్యం నాకు లేక, ఇంకో పిల్లని పంపాను. చివర్లో గోల్ పడింది. ఓడిపోయాం.

తిరిగి వస్తుంటే ఆటోలో ఆ పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. కాసేపటికి మాట తడబడింది. ఆటోని తిన్నగా ఆసుపత్రికి పోనిచ్చాం. స్కాన్ తీసిన డాక్టరు, లోపల కొంచెం వాపు ఉంది, రెండు రోజులు ఉంచుకుంటాం, తగ్గిపోతుంది అన్నాడు. ఆ తర్వాత, "దెబ్బ తగలగానే ఆట ఆపించారు కాబట్టి సరిపోయింది. మీదట ఇంకోటి తగిలుంటే చెప్పలేం" అన్నాడు.

పని మీదనుంచి అలాగే వచ్చినట్టున్నాడు తండ్రి, చేతుల మీద సిమెంటు ఎండిపోయి ఉంది. నేను నోరు తెరిచేలోపే మా అసిస్టెంట్ ఎదురెళ్ళి, "ఏం భయం లేదన్నా. దెబ్బ తగలంగనే సారే బయటికి తీస్కొచ్చిండ్రు. ఫైనల్ పోతే పోనియ్, పిల్ల ముఖ్యం అన్నరు" అని చెప్పింది. ఆయన వచ్చి ఆ సిమెంటు చేతులతోనే నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకున్నాను.

ఆయన లోపలికి వెళ్ళాక, ఎందుకలా చెప్పారని అడిగాను.

"పిల్ల రేపు మళ్ళ మీ దగ్గరికే రావాలె గద సార్. మీ మీద నమ్మకం పోతే ఆ తండ్రి ఎట్ల పంపుతడు? ఆట నేర్పేది మీరు, నేను కాదు గద." కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ప్రాక్టీసు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పింది.

వారం రోజులు అన్నం సయించలేదు. మా ఆవిడ షుగరేమోనని పరీక్ష కూడా చేయించింది. చివరికి ఆదివారం అల్మాస్‌గూడ వెళ్ళాను. పిల్ల మంచం మీద కూర్చుని చెల్లెలితో కొట్లాడుతోంది, అంటే కోలుకున్నట్టే. తండ్రి బయట కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. చాయ్ ముట్టుకోకుండా జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నేను ఆడించబోయాననీ, ఆవిడ అడ్డుపడిందనీ, నలుగురిలో ఆవిడని నోటికొచ్చినట్టు అన్నాననీ. తిడతాడనుకున్నాను. ఇక పిల్లని పంపడనే అనుకున్నాను.

"ఆ మేడం ఇంకా మీ దగ్గర్నే ఉంటదా సార్?" అని అడిగాడు.

"ఉంటుంది."

"అయితే పంపుత. చాయ్ చల్లారుతుంది, తాగుండ్రి."

సోమవారం పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, వాళ్ళ ముందే ఆవిడతో, "ఆ రోజు నేను తప్పు మాట్లాడానమ్మా, మీరు చేసిందే రైటు" అన్నాను. నా జీవితంలో అంతకంటే పొడుగు వాక్యం చెప్పినట్టు అనిపించలేదు. పిల్లలు చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ కొంగు బొడ్లో దోపుకుంటూ, "పిల్లలు ఎండల నిలబడ్డరు సార్, షురూ చేయుండ్రి" అంది. మళ్ళీ ఆ ఊసు ఎప్పుడూ రానివ్వలేదు. ఆ తర్వాత నేను మాత్రం ఏ పిల్లని ఆడించాలన్నా, మాన్పించాలన్నా ముందు ఆవిడ వైపు చూడడం అలవాటు చేసుకున్నాను. తల ఊపేది, లేదా ఊపేది కాదు. అంతే.

ఇంకో ఆరేళ్ళు మాతో ఉండి, మోకాళ్ళు మొరాయించాక సొంతూరు వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. నా ఆరోగ్యం సంగతి అడిగి, నేను చెప్పే జవాబుని నమ్మక, ఫోన్ మా ఆవిడకి ఇవ్వమంటుంది. అల్మాస్‌గూడ పిల్ల ఉద్యోగం చేసుకుంటోంది, కిందటి నెల కూతురికి అన్నప్రాసన అని పిలిస్తే వెళ్ళొచ్చాను. ఆ ఫైనల్ రోజు మిగిలిన పదిహేను నిమిషాలూ నాకెంత పెద్దవిగా కనిపించాయో, అవి చేజారితే ఇంకేమీ మిగలదన్నట్టు. అవి గడిచి పన్నెండేళ్ళు దాటింది. మిగలాల్సిన వాళ్ళందరూ మిగిలే ఉన్నారు. కాగితం మీద కొట్టేసిన మాట కింద, "పిల్లలు పొద్దున ఏం తిన్నారో తెలిసిన మనిషిని చూడండి" అని రాసి పంపాను.