బొబ్బిలికి ధైర్యం నేర్పబోయి

ఒకే ఒక్క మాటతో యాప్రాల్ రోడ్డు మీద పొద్దున్నే ఒక పెద్దమనిషిని, ఒక కుక్కల మందని, పాల ప్యాకెట్ కోసం వచ్చిన ఒక అమాయకుణ్ణి పరుగులు పెట్టించిన ఘనత నాది. ఆ మాట బూతు కాదు, తిట్టు కాదు. మీరూ నేనూ రోజూ వాడే మాటే. అదేమిటో ఇప్పుడే చెప్పేస్తే మీరు నవ్వేసి మీ పనికి మీరు వెళ్ళిపోతారు. నాకేమో ఇందులో నవ్వు ఒక్కటే కాదు, ఇంకోటి కూడా చెప్పుకోవాలని ఉంది. కాబట్టి కాసేపు కూర్చోండి.

ముందు బొబ్బిలి గురించి చెప్పాలి. బొబ్బిలి అంటే ఇక్కడ ఊరు కాదు, మా అక్క పెంచిన కుక్క. మాది బొబ్బిలి పక్క పల్లె. ఆ పేరు తలుచుకుంటే చాలు, మీసం లేని వాళ్ళకి కూడా మా వైపు చెయ్యి మూతి మీదికి పోతుంది. అంత పౌరుషమున్న పేరు పెట్టుకున్న మావాడికి లోకంలో ఒక్కటే భయం. కుక్కలంటే భయం!

మొరిగే కుక్క కరవదని సామెత. మావాడు కరవడం దేవుడెరుగు, మొరగడానికి కూడా ధైర్యం చాలేది కాదు. సందు చివర ఏదైనా తోక కనబడితే చాలు, నా కాళ్ళ మధ్య దూరి, ఒళ్ళంతా వణికిపోయేవాడు. పాత ఫ్యాన్‌ని ఐదో నంబరులో పెట్టినట్టు ఉండేది ఆ వణుకు.

వాణ్ణని లాభం లేదు. మా అక్క సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే "తీరిక కుదర్లేదు" అనేది. మౌలాలిలో ఒక వాటా అద్దెకి తీసుకుని ఉండేది. ఒకరోజు మోండా మార్కెట్‌కి వంకాయల కోసం వెళ్ళింది. అక్కడ కుక్కలన్నీ చేరి ఒక పిల్లని పీకుతుంటే, గొడుగుతో వాటిని అదిలించి, ఆ పిల్లని వంకాయల సంచీలో వేసుకుని ఇంటికొచ్చేసింది.

"ఇదేంటక్కా, ఇది బతుకుతుందా?" అన్నాను నేను చూడ్డానికి వెళ్ళి.

"ఏటిరా చిన్నా, ఇదేటి ఇది? వాడు అను" అంది అక్క.

అప్పటినుంచి వాడు వాడే. వాడికి వణుకు పుట్టినప్పుడల్లా అక్క తల మీద చెయ్యేసి, "ఊరుకో నాన్నా, ఊరుకో" అనేది. వాడు నెమ్మదించేవాడు. అక్క దగ్గర ఇంకో మందూ మాకూ లేదు. చిన్నప్పుడు నా మోకాలు చెక్కుకుపోయినా అదే చెయ్యి, అదే మాట.

ఆ అక్క జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి, తిరిగి రాలేదు.

నవ్వులాట కథలో ఈ ముచ్చటేమిటని మీరనవచ్చు. అనండి. కానీ ఇది చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. ఆ రోజు అక్క వాకిట్లో నేనింకా ఏడుపు మొదలుపెట్టనే లేదు, వచ్చినవాళ్ళంతా వరసగా నా భుజం తట్టి, "ఊరుకో బాబూ, ఊరుకో. నువ్వే ఇలా అయిపోతే ఎలా?" అన్నారు. నేనెలా అయిపోయానో నాకైతే తెలియలేదు. కానీ మర్యాదస్తుణ్ణి కదా, పెద్దవాళ్ళు అన్నారని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఊరుకోవడం నెలల తరబడి అలాగే ఉండిపోయాను. ఆఫీసుకి వెళ్ళాను, కరెంటు బిల్లు కట్టాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి భోజనం బావుందన్నాను. గొంతులో మాత్రం ఏదో మింగని మాత్రలా అడ్డంగా ఉండేది.

అక్క చీరలు, గిన్నెలు, గొడుగు, అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం. ప్రాణమున్నది బొబ్బిలి ఒక్కడే మిగిలాడు. సికింద్రాబాద్ శివారు యాప్రాల్‌లో మా ఫ్లాటుకి తెచ్చుకున్నాం.

తెచ్చుకున్నాం సరే, వాడు కిందికి దిగితేగా! గేటు దాటితే కుక్కలు. అందుకని వాడు తన పనులన్నీ మా బాల్కనీలో కానిచ్చేవాడు. మా బాల్కనీ కింద యాదగిరన్న బాల్కనీ. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తెల్ల బనీన్లు ఉతికి, ముడత లేకుండా ఆరేసుకోవడం ఆయనకి దాదాపు పూజ లాంటిది.

ఒకరోజు పైకొచ్చాడు. "తమ్మీ, ఏమనుకోకు. నా బనీన్ల మీద రోజూ వాన పడుతున్నది. పైకి జూస్తే మబ్బు లేదు. గిదేం వాన?"

బొబ్బిలి సోఫా వెనకనుంచి తొంగిచూశాడు. యాదగిరన్న వాణ్ణి చూశాడు. "ఓహో, మబ్బు గీడ కూసున్నదా!" అన్నాడు.

మా ఆవిడ లలిత ఆ రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగా అంది, "నేను చెడ్డదాన్ని కాదండీ. కానీ రోజూ బాల్కనీ కడగడం నావల్ల కావట్లేదు. వాడికీ సుఖం లేదు. శామీర్‌పేట దగ్గర మా బాబాయి స్నేహితుడికి తోట ఉంది. అక్కడైతే హాయిగా తిరుగుతాడు."

"అక్కడ వేరే కుక్కలున్నాయా?"

"నాలుగున్నాయట."

"నాలుగా! వాడు గుండాగి చస్తాడు."

"అయితే మీరే వాడికి వీధిలో నడవడం నేర్పండి. ఆదివారం వాళ్ళు కారు తీసుకొస్తామన్నారు. ఈలోపు వాడు రోడ్డు మీద నడిస్తే, నేనే వాళ్ళని రావద్దంటాను."

అలా ఆదివారం దాకా గడువు దొరికింది. వీధి కుక్కల ముందు వాడు నిలబడితే అక్క కుక్క నాతో ఉంటుంది. లేకపోతే శామీర్‌పేట. కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అంటారు. నేను యాప్రాల్ రోడ్డు ఈదడానికి దిగాను. నా కుక్క తోకేమో కాళ్ళ మధ్యకి ముడుచుకుపోయి, పట్టుకుందామన్నా దొరకదు.

ఫోన్లో వీడియోలు చూశాను. పద్ధతి తేలికే. దూరంగా కుక్క కనబడగానే మనవాడి నోట్లో ఉడికించిన చికెన్ ముక్క పెట్టాలి. కొన్నాళ్ళ తర్వాత ఒకడుగు దగ్గరికి వెళ్ళి ఇంకో ముక్క. పోనుపోను కుక్క కనబడితే భయం బదులు చికెన్ గుర్తొస్తుందట. దీనికి నెలలు పట్టొచ్చు, తొందరపడొద్దు అని కూడా చెప్పారు. తొందరపడొద్దన్న చోటే నేను వీడియో ఆపేశాను. పరీక్ష ముందురోజు పుస్తకం తెరిచే అలవాటు నాకు కాలేజీ నుంచీ ఉంది.

శుక్రవారానికి ఫలితం తేలింది. కుక్కలంటే భయం పోలేదు సరికదా, చికెన్ డబ్బా మూత తీస్తే చాలు, ఏదో కుక్క వస్తోందని వాడికి వణుకు పుట్టడం మొదలైంది. ఉన్న భయానికి కొత్త భయం కలిపాను. వీధి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాను.

యాదగిరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏందీ తమ్మీ, పరేషాన్‌ల ఉన్నవ్?"

విషయమంతా చెప్పాను. శామీర్‌పేట కారు సంగతి కూడా చెప్పాను. ఆయన బనీన్లకి మంచిరోజులొస్తాయని సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"మీ అక్క కుక్క గదా. ఎట్ల ఇస్తవ్?" అన్నాడు. "ఇగో, మనోని ఒక్కనికే తినవెడితే ఏం ఫాయిదా? అవుతలోళ్ళకు సుత పెట్టాలె. రేపు పొద్దుగాల నేను బొక్కలు తెస్త. నాలుగు బొక్కలేస్తే దోస్తానా షురూ అయితది."

నేను కంగారుపడ్డాను. మా వైపు బొక్క అంటే రంధ్రం. "బొక్కలా? ఎక్కడ పెడతారన్నా? గోడకా?"

"గోడకెందుకు పెడ్త? మేక బొక్కలయ్యా! మటన్ దుకాణంల ఇస్తరు."

ఎముకలన్నమాట. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. నాకు ఆ నవ్వులోనైనా బుద్ధి రావాల్సింది. ఇద్దరం మాట్లాడేది తెలుగే, కానీ ఒకే తెలుగు కాదని అప్పుడే గ్రహించి ఉంటే, మర్నాటి అనర్థం తప్పేది.

శనివారం పొద్దున్న దిగాం. టీ కొట్టు దగ్గర వీధి కుక్కలన్నీ పడుకుని ఉన్నాయి. వాటి పెద్ద, ఒక చెవి చిరిగిన గోధుమరంగు కుక్క. యాదగిరన్న దానికి సర్పంచ్ అని పేరు పెట్టాడు.

"నువ్వు పక్కన ఉంటే వాడు నీ కాళ్ళల్లకే జొర్రుతడు. నువ్వు ఎనక ఉండు. బెల్టు నాకియ్యి" అన్నాడు. ఒక చేత్తో బొబ్బిలి బెల్టు, ఇంకో చేత్తో బొక్కల సంచీ పట్టుకుని, పెళ్ళికూతుర్ని తెచ్చే మేనమామలా గంభీరంగా నడిచాడు. నేను చికెన్ డబ్బాతో చాలా వెనక ఆగిపోయాను.

సర్పంచ్ తల ఎత్తింది. గాలి వాసన చూసింది. లేచింది. దాంతో మందంతా లేచింది.

బొబ్బిలి రోడ్డుకి అతుక్కుపోయాడు. సన్నగా ఏడవడం మొదలుపెట్టాడు. అక్క పోయిన రోజు ఆమె మంచం కింద పడుకుని వాడు ఏడ్చింది కూడా ఆ గొంతుతోనే. నాకు తెలిసిన మందు ఒక్కటే. గొంతు చించుకుని అరిచాను.

"ఊరుకో! ఊరుకో!"

యాదగిరన్న ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఆ వెంటనే ఉరికాడు!

ఆయన పరిగెడితే బెల్టు పరిగెట్టింది. బెల్టు పరిగెడితే బొబ్బిలి పరిగెట్టాడు. ఊగుతున్న బొక్కల సంచీ వెనక సర్పంచ్, సర్పంచ్ వెనక గ్రామమంతా. వాళ్ళ వెనక నేను, చికెన్ ముక్కలు రోడ్డంతా చల్లుకుంటూ, "ఊరుకో! అన్నా, ఊరుకోమను! ఊరుకో!" అని అరుస్తూ. నేను అరిచినకొద్దీ ఆయన ఇంకా ఉరికాడు. రైల్వేలో ఉన్నన్నాళ్ళూ ఏ బండీ అంత వేగంగా పోయి ఉండదు. పాల ప్యాకెట్ కోసం వచ్చిన ఒకాయన ఎందుకో ఏమిటో తెలియకుండానే మా ముందు పరిగెత్తాడు. టీ కొట్టు దగ్గర ఎవరో, "అరే, ఏమైందిరా బై? ఎందుకురుకుతున్నరు?" అని అరిచారు. జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

యాప్రాల్‌లో ప్రతి సందులో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు. అది ఆ రోజు మమ్మల్ని కాపాడింది. యాదగిరన్న ఇసక కుప్ప ఎక్కబోయి బోర్లా పడ్డాడు. సంచీ చిరిగి బొక్కలు చెల్లాచెదురయ్యాయి. బెల్టు ఆయన కాలికి చుట్టుకుని, బొబ్బిలి కదల్లేక మంద మధ్యలో కూలబడి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సర్పంచ్ వాడి దగ్గరికొచ్చింది. ముందొకసారి, వెనకొకసారి వాసన చూసింది. వీడిలో తినేదేమీ లేదనుకుంది కాబోలు, ఒక బొక్క నోట కరుచుకుని పక్కకి పోయింది. మిగతావీ అంతే. బొబ్బిలి ఒక కన్ను తెరిచాడు. తను ఇంకా బతికే ఉన్నాడని వాడికి నమ్మకం కుదరలేదు.

నేను రొప్పుతూ చేరాను. "ఎందుకన్నా పరిగెత్తారు?"

యాదగిరన్న నోట్లో ఇసక ఉమ్మేసి లేచి కూర్చున్నాడు. "నువ్వే గదా ఉరుకు ఉరుకు అని మొత్తుకున్నవ్!"

"నేనన్నది ఊరుకో అని! బొబ్బిలిని!"

"ఊరుకో ఏంది? ఊకుండమననీకి ఊకో అనాలె! నువ్వు ఉరుకో అంటే, ఎనక ఏమొస్తున్నదో అని ఉరికిన. మోకాలు వగిలింది జూడు!"

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. ఇసకలో కూలబడి పగలబడి నవ్వాం. ఆ నవ్వులో ఎక్కడో, ఆయన మోకాలి మీద చెక్కుకుపోయిన చోటు చూశాను. చెయ్యి వేసి ఊరుకోమనే మనిషి ఇక లేదని అప్పుడు తెలిసింది. నెలల తరబడి గొంతులో అడ్డంగా ఉన్నది ఒక్కసారిగా కరిగింది. నడిరోడ్డు పక్కన, ఇసక కుప్ప మీద, చేతిలో ఖాళీ చికెన్ డబ్బాతో వెక్కివెక్కి ఏడ్చాను. అక్కా అక్కా అని ఏడ్చాను.

యాదగిరన్న నా వీపు మీద చెయ్యి వేశాడు. "ఊకో తమ్మీ, ఊకో" అన్నాడు. అని, తన మాట తనే విని, తల అడ్డంగా ఊపాడు. "వద్దులే. ఏడువు. జెర సేపు మంచిగ ఏడువు."

బొబ్బిలి వణుకుతూనే, బెల్టు అందినంత మేర జరిగొచ్చి, నా పాదం మీద గడ్డం ఆనించాడు.

గొడవ విని లలిత కిందికి వచ్చింది. అక్క పోయినప్పుడు నా కంట చుక్క రాకపోవడం చూసి లోలోపల భయపడుతూ వచ్చిన మనిషి ఆమె. అక్కడే నిలబడి ఫోన్ తీసి, "బాబాయ్, వాళ్ళని కారు తేవొద్దని చెప్పు" అంది.

వాడి భయం పోయిందా అంటే, పోలేదండీ. సర్పంచ్ రోడ్డుకి ఆ పక్క, మావాడు ఈ పక్క, అంతవరకే స్నేహం. కానీ రోజూ నడిచాడు. ముందు యాదగిరన్న బొక్కల సంచీతో, వెనక మేమిద్దరం. అలా కొన్నేళ్ళు నడిచాం. బనీన్ల మీద వాన మళ్ళీ పడలేదు.

పోయిన వర్షాకాలం ఒక మధ్యాహ్నం, ముసలివాడైపోయిన బొబ్బిలి నా ఒళ్ళో పడుకుని వణికాడు. చుట్టుపక్కల ఏ కుక్కా లేదు. ఆ మాట మళ్ళీ అననని ఇసక కుప్ప దగ్గరే ఒట్టు పెట్టుకున్నాను కానీ, నోరు జారింది. తల మీద చెయ్యి వేసి, "ఊరుకో నాన్నా, ఊరుకో" అన్నాను. ఈ ఊళ్ళో నా మాటని తప్పుగా వినని ప్రాణి వాడొక్కడే. ఊరుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

కాబట్టి అందరి ముందూ మళ్ళీ ప్రమాణం చేస్తున్నాను. చిరిగిన బొక్కల సంచీ సాక్షిగా, యాదగిరన్న మోకాలి సాక్షిగా, ఈ సికింద్రాబాద్ గాలి పీలుస్తున్నంత కాలం మనిషిని గానీ కుక్కని గానీ నేనిక ఊరుకోమనను. ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చుంటాను. ఉరికితే, వెనకాలే నేనూ ఉరుకుతాను.