టైటానియం బిళ్ళకు గంధం బొట్టు

మా ల్యాబు కొంప నా చేతులతో నేనే ముంచబోయిన వైనం చెప్తాను, కడుపారా నవ్వుకోండి.

అప్పట్లో నేను సికింద్రాబాద్‌లో గ్రేస్ మేడమ్ దగ్గర కొత్తగా చేరిన రీసెర్చ్ స్టూడెంట్‌ని. మోకాలి ఆపరేషన్‌లో లోపల పెట్టే లోహానికి బాక్టీరియా పట్టి చీము చేరితే ఆ మనిషి పడే నరకం అంతా ఇంతా కాదు. అందుకని మేడమ్ టైటానియం బిళ్ళల మీద కంటికి కనపడనంత సన్నటి ముళ్ళు మొలిపించింది. బాక్టీరియా వాటి మీద వాలితే చావాల్సిందే. మందూ మాకూ లేదు, ఉత్త ముళ్ళు! ఏం బుర్రండీ ఆవిడది!

ఫలితం చూడటానికి ఎముకల డాక్టరు రావాలి. ఆయనకు నచ్చితేనే పని ముందుకు సాగుతుంది, లేకపోతే మేడమ్ ఏళ్ళ కష్టం అంతటితో ఆగిపోతుంది. సరిగ్గా పరీక్షకు ముందు ఆయుధపూజ వచ్చింది. సీతాఫల్‌మండిలో మా ఇంట్లో అమ్మ స్కూటీకి, మిక్సీకి, కత్తిపీటకు బొట్లు పెడుతూ నన్ను పట్టుకుంది.

"నీ పని సామానుకు పెట్టినవా?"

"అది ల్యాబ్ అమ్మా!"

"అయితే ఏందే? అన్నం పెట్టే సామానుకు జెర బొట్టు పెడితే నీ సొమ్మేం పోతది?"

నిజమే కదా అనిపించింది. నా తెలివి చూడండి, ల్యాబుకెళ్ళి మైక్రోస్కోపుకు పెట్టి ఊరుకున్నానా? శుభ్రం చేసి సిద్ధంగా ఉంచిన బిళ్ళలన్నిటికీ నట్టనడుమ గంధం బొట్టు పెట్టాను. మర్నాడు దూదితో తుడిచేసి, పోయిందిలే అనుకుని, వాటినే బాక్టీరియా నీళ్ళలో వేశాను.

డాక్టరు వచ్చిన రోజు, బతికున్న బాక్టీరియా కనపడేలా బిళ్ళకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, నడుమ గుండ్రంగా బాక్టీరియా గుంపు! పెళ్ళి భోజనాల బంతిలో లాగా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి.

"ఈ గుండ్రం ఏంది మేడమ్?" అన్నాడు డాక్టరు.

మేడమ్ ముఖం పాలిపోయింది. ఇక నేను నోరు విప్పక తప్పలేదు.

"గంధం బొట్టు మేడమ్. నేనే పెట్టాను. ఆయుధపూజ కదా..."

"బిళ్ళలకా? ఏవమ్మాయ్, నీకు మతుండే చేశావా?" అని అరిచిన మేడమ్, మళ్ళీ వంగి చూసింది. "ఉండుండు. బొట్టు బయట ఏవుంది?"

"ఏం లేదు మేడమ్."

"డాక్టరుగారూ, ఇటు చూడండి! గంధం దూరి ముళ్ళు పూడిపోయిన చోటే చేరాయివి. మిగతాదంతా బోసిగా ఉంది!"

డాక్టరు బిళ్ళను అటూ ఇటూ జరిపి చూశాడు. "కమాల్ చేసిన్రు మేడమ్!"

ఇంకొకరైతే ఆ మాటకు పొంగిపోయి ఊరుకునేవారు. మేడమ్ మాత్రం, "ఇది లెక్కలోకి రాదండీ, కొత్త బిళ్ళలతో మళ్ళీ చేస్తాం," అంది. అప్పట్నుంచి ఆవిడంటే నాకు భక్తే.

"చెయ్యండి, నేను మీతోనే ఉంటా," అన్నాడు డాక్టరు. "గానీ ఆ పిల్ల చేతికి మాత్రం గంధం గిన్నె ఇయ్యొద్దు!"

మొత్తానికి ఆ దసరాకు నా పూజ ఫలించింది ఒక్క బాక్టీరియాకే. ల్యాబ్ కోటు మీద ఒట్టేసి చెప్తున్నాను: ఇకమీదట ఫ్రిజ్జుకైనా, గీజరుకైనా, చివరికి టీవీ రిమోటుకైనా బొట్టు పెడతాను గానీ, మనిషి ఒంట్లోకి పోయే వస్తువుకు మాత్రం దూరం నుంచే దండం పెడతాను.