లక్కడ్‌కోట్ చీమ

కుదురుగా ఒకచోట కూర్చోలేని మనిషికి చీమల చదువు ఎందుకబ్బిందో నాకిప్పటికీ అర్థం కాదు. మైక్రోస్కోప్ ముందు మెడ వంచుకుని కదలకుండా ఉండాల్సిన పని. నేనేమో అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచే రకం. చంద్రపూర్‌లో ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను. పిల్లలు చాటుగా నన్ను ముంగీ మేడమ్ అంటారు. ముంగీ అంటే మరాఠీలో చీమ. నాకేం కోపం రాదు. చీమా నిలకడగా ఉండదు, నేనూ ఉండను.

అదే ఊళ్ళో బాబుపేట్‌లో మా ఇంటి ముందుభాగం నాన్న కిరాణా దుకాణం, ఆయన్ని నేను బాపు అంటాను. వెనక గది నాది. "ఎందుకట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిర్గుతవ్ బిడ్డా? చీమలే నయం, పొద్దుగూకితె గూట్లకన్న పోతయి" అంటాడు బాపు. ఆయనకు నన్ను ఆటపట్టించకపోతే పొద్దుపోదు.

కిందటేడు వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో, అటవీ శాఖ అనుమతి కాగితం చేతికొచ్చాక, లక్కడ్‌కోట్ దగ్గర అడవిలో చీమలు పట్టడానికి వెళ్ళాను. పట్టడమంటే పెద్ద వేటేమీ కాదు. రాలిన ఆకులూ, చివికిన పుల్లలూ జల్లెడలో పోసి తెల్లబట్ట మీద జల్లించడం, కిందపడ్డ దుమ్ములో ఏది కదిలితే దాన్ని నోటితో పీల్చే సన్నగొట్టంతో సీసాలోకి లాగడం. జల్లెడ బాపు దుకాణంలోదే. రవ్వ జల్లించేది.

ఆ దుమ్ములో ఒకే ఒక చీమ దొరికింది. నువ్వుగింజ కంటే చిన్నది, ఒళ్ళంతా మట్టి పూసుకున్నది. ముట్టుకుంటే చచ్చినట్టు పడిపోతుంది. ఇంటికి తెచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే తమలపాకులాంటి తల, దాని ముందు రెండు పొడుగాటి దవడలు కనిపించాయి. ఆ దవడల్ని బార్లా తెరిచి పెట్టుకుని కాచుకుని ఉంటుంది. పురుగేదైనా తగిలితే టప్పున మూస్తుంది. ఈ రకం చీమలు మన అడవుల్లో ఉన్నవే. ఇందులో ఏ జాతిదో తేల్చుకుందామని కూర్చున్నాను.

చీమ పేరు కనుక్కోవడానికి మేం కీ అనేది వాడతాం. అది అడుగడుక్కీ రెండు దారులు చూపిస్తుంది. దవడ కొసన చీలిక ఉంటే ఇటు, లేకుంటే అటు. అలా నడుచుకుంటూ పోతే చివర్లో పేరు దొరుకుతుంది. నా చీమ చివరిదాకా బుద్ధిగా నడిచివచ్చి అక్కడ మొరాయించింది. తల మీది వెంట్రుకలు చెంచాల్లా ఉండాలంది కీ. నా చీమకు సన్నగా, పొడుగ్గా, కొరడాల్లా ఉన్నాయి. నడుం కింద స్పాంజిలాంటి మెత్తటి కండ ఉండాలంది. దీనికి నడుం కింద ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి నడిపించాను. మళ్ళీ అక్కడే ఆగింది. లేచి దుకాణంలోకి వెళ్ళి, ఎందుకో తెలియకుండానే బెల్లం ముక్క నోట్లో వేసుకుని వచ్చి మళ్ళీ చూశాను. ఎవరూ పేరు పెట్టని చీమ నా ముందుంది.

చీమల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఒక పెద్దాయనకు ఫోటోలు పంపించాను. ఆయన ఫోన్ చేసి, కొత్తదే కావచ్చు కానీ ఒక్క చీమను చూసి జాతిని వర్ణించడం తొందరపాటు అన్నారు. ఆ ఒక్కటీ అవిటిదై ఉండొచ్చు. గూడు పట్టండి, పనిచీమలు కావాలి, రాణి దొరికితే ఇక తిరుగులేదు అన్నారు. ఆ మాటతో నాకు ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది.

గూడు కోసం చలికాలంలో వెళ్ళాను. తుక్కు ఎండి గలగలమంటోంది. జల్లెడలో సాలెపురుగులు తప్ప ఏమీ పడలేదు. ఇప్పపువ్వు రాలే కాలంలో మళ్ళీ వెళ్ళాను. పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఆకులన్నీ కాల్చేశారు. పాపం, వాళ్ళ బతుకు వాళ్ళది. నల్లటి నేల మీద జల్లెడ పట్టుకుని వెర్రిదానిలా నిలబడి తిరిగి వచ్చాను. ఇక వానలు పడేదాకా చేసేదేమీ లేదు. ఉన్నది ఆ ఒక్క చీమే. దాన్ని ముక్కోణపు అట్టముక్క కొసన జిగురుతో అంటించి, అట్టముక్కను సూదికి గుచ్చి, డబ్బాలో పెట్టి నా బల్ల మీద ఉంచుకున్నాను. ఇంటి చీమలు ఎక్కకుండా బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. ఎందుకంటే మా ఇంట్లో చీమల మందు వాడకూడదు. చీమల చాక్‌పీసుతో గీత గీయడం కూడా కుదరదు.

అది అమ్మ మొక్కు. కొన్నేళ్ళ కింద నాగ్‌పూర్‌లో బాపు గుండెకు ఆపరేషన్ జరుగుతున్నప్పుడు, ఆస్పత్రి వరండాలో కూర్చుని అమ్మ మొక్కుకుంది. ఆయన బతికి బయటపడితే ప్రతి శనివారం చీమలకు పిండి పెడతానని, తన చేతితో ఒక్క చీమను కూడా చంపనని. బాపు బతికాడు. అప్పట్నుంచి శనివారం పొద్దున్నే గోధుమపిండిలో చక్కెర కలిపి ప్రహరీ గోడ మొదట్లో చల్లుతుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చీమలుంటే చీపురు ఎత్తి పట్టుకుని నిలబడుతుంది. బాపు నవ్వుతాడు. "ఆపరేషన్ చేసింది డాక్టరు, బలిసింది చీమలు" అంటాడు. నేను చీమల్ని స్పిరిట్‌లో వేసి చంపుతానని అమ్మకు తెలుసు. మొదట్లో నేనే అడిగితే ఒక్కటే చెప్పింది. "నీ చదువు నీది, నా మొక్కు నాది."

ఎండలు ముదిరాయి. మా ఊరి ఎండ గురించి చెప్పనక్కర్లేదు. పొద్దున నింపిన గిన్నె సాయంత్రానికి అడుగు చూపిస్తుంది. పరీక్ష పేపర్లు దిద్దడానికి పోతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే గది గుమ్మం మీదుగా చీమల బారు కనిపించింది. అమ్మ పిండి పెట్టే గోడ నుంచి వస్తోంది. గుమ్మం దాటి, నేల దాటి, ఎండిపోయిన గిన్నెలోకి దిగి, బల్ల కాలు ఎక్కి, డబ్బా మూత సందులోంచి లోపలికి పోతోంది. మూత తీశాను. అట్టముక్క కొసన ఎండిన జిగురు, అందులో ఒక కాలు మిగిలాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మను పిలిచాను.

"నీ చీమలు నా చీమను తిన్నయమ్మా."

అమ్మ డబ్బాలోకి వంగి చూసింది. "చీమలు చీమను తింటయా?"

"తింటయి. పిండి పెట్టి పెంచినవ్ గదా, మంచిగ తిన్నయి."

దుకాణంలోంచి బాపు గొంతు వినిపించింది. "శివుని ఆజ్ఞ లేంది చీమైన కుట్టదంటరు. తినుటానికి ఆజ్ఞ ఎవలిచ్చిండ్రో మరి." దుకాణానికి వచ్చినవాళ్ళెవరో నవ్వారు. నేను తలుపు ధడాలున వేసుకున్నాను. ఏడ్చాను కూడా. నా దగ్గరున్నవి మసక ఫోటోలు. చీమ లేకుండా ఫోటోల్ని చూపించి ఇదొక జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు.

ఆ శనివారం కూడా అమ్మ పిండి చల్లింది. నాకు ఒళ్ళు మండింది. కనీసం ఒక్క వారమైనా మానొచ్చు కదా అన్నాను. అమ్మ చేతులు దులుపుకుని నా వైపు చూసింది. "కోపముంటె నన్ను తిట్టు. మీ బాపు పానం మీది మొక్కు గది, నేనిడువ." పిండి డబ్బా మూత పెడుతూ అంది. "వానలు పడంగనే నేను గూడ వస్త అడివికి. నీయి రెండు కండ్లు, నాయి రెండు కండ్లు. దొర్కకుంట ఎటు పోతది?"

వానల కోసం ఎదురుచూడటం నాలాంటిదానికి పెద్ద శిక్ష. ఫోన్‌లో మబ్బుల బొమ్మ చూడటం, వాకిట్లోకి పోయి ఆకాశం చూడటం, మళ్ళీ ఫోన్ చూడటం. కిటికీ చువ్వల మీద బొగ్గుగనుల దుమ్ము తుడవడం, అది మళ్ళీ పేరుకోవడం. గూడు ఆ మంటల్లో కాలిపోయిందేమో. అసలు ఆ చీమ అవిటిదేనేమో. నేను కొరడాలనుకున్నవి దుమ్ముపోగులేనేమో. నా మీద నాకే నమ్మకం సడలిపోయేది. రెండు మంచి వానలు పడి నేల నానిన తర్వాత బయల్దేరాం.

"తల్లిబిడ్డలు చీమకు పెండ్లిచూపులకు పోతున్నరా?" అన్నాడు బాపు, గల్లాపెట్టె దగ్గర కూర్చుని. అమ్మ ఆయన మందు బిళ్ళల్ని ఆయన చేతికి అందేలా పెట్టి వచ్చింది.

ఎస్టీ అనే ఇక్కడి సర్కారు బస్సులో రాజురా మీదుగా లక్కడ్‌కోట్‌కు వెళ్ళి, అక్కడి నుంచి నడిచాం. కాలిన నేల మీద అప్పుడే పచ్చిక మొలుస్తోంది. నాకు మొదటి చీమ దొరికిన చోట జల్లించాం, ఏమీ లేదు. వాగు వైపు మంటలు అంటని వెదురు పొదల్లోకి జరిగాం. అమ్మ చీర ఎగ్గట్టి, స్పిరిట్ సీసా మూత తీసి చేతిలో పట్టుకుని నా పక్కనే గొంతుక్కూర్చుంది. సీసా పట్టుకోమని నేనే అన్నాను. జల్లెడ ఊపడానికి నాకు రెండు చేతులూ కావాలి. సగం మట్టిలో కూరుకుపోయిన చివికిన వెదురుముక్క ఒకటి కనిపిస్తే పైకి లాగి చీల్చాను.

లోపల అవే ఉన్నాయి. మట్టి పూసుకున్న చిన్నచిన్న ఒళ్ళు, పొడుగు దవడలు. వాటి మధ్య నూకల్లా తెల్లగా వాటి పిల్లలు. వెలుతురు పడగానే అన్నీ చచ్చినట్టు పడిపోయాయి. గొట్టం నోట్లో పెట్టుకుని పనిచీమల్ని పీల్చడం మొదలుపెట్టాను. అప్పుడు వెదురు గోడ మీద, మిగతావాటికంటే కాస్త పెద్దది, రెక్కలు రాలిన మచ్చలున్నది ఒకటి కదిలింది. రాణి. గొట్టం అటు తిప్పి పీల్చాను. తడిమట్టి లోపలికి పోయి గొట్టం బిగుసుకుంది. ఇంకా గట్టిగా పీల్చాను. దగ్గు వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొట్టాన్ని అరచేతిలో కొడుతున్నాను. రాణి వెదురు మీంచి జారి నేల పగులు వైపు పోతోంది.

"అమ్మా, అది పోతుందే" అన్నాను.

అమ్మ చూపుడువేలు నాలికతో తడిచేసుకుంది. ఆ వేలితో రాణిని అద్ది, సీసాలో ముంచింది. వేలు బయటికి తీసి, సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. అది అడుక్కు దిగేదాకా చూసి మూత పెట్టింది. ఆలోచించడానికి ఆగలేదు. నేను ఆపనూ లేదు. అప్పుడు నాకు ఆ రాణి తప్ప ఏమీ కనిపించలేదు. మొక్కు సంగతి నాకు గుర్తొచ్చేసరికి అమ్మ వేలిని కొంగుకు తుడుచుకుంటోంది. తుడిచిన వేలినే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

తిరుగుబస్సు రాజురా దాటాక, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "మీ బాపుకు జెప్పకు."

"బాపు ఇసొంటియి నమ్మడు గదమ్మా."

"నవ్వుతడు గనీ, నమ్ముతడు బిడ్డా. శనివారం నేను లేవకముందే లేచి పిండి డబ్బ తీసి గట్టు మీద పెట్టేది ఆయనే."

ఆ సంగతి నాకిన్నేళ్ళూ తెలియదు.

మైక్రోస్కోప్ కింద అన్ని చీమలకూ కొరడా వెంట్రుకలే ఉన్నాయి. రాణికీ అంతే. నడుం కింద స్పాంజి దేనికీ లేదు. పెద్దాయన ఫోటోలు చూసి, ఇది కొత్త జాతే, వర్ణన రాయడం మొదలుపెట్టండి అన్నారు. ఎగిరి గంతేయాల్సిన మాట. ఫోన్ పెట్టేసి గుమ్మంలో నిలబడిపోయాను. సంతోషమైంది, కాదనను.

ఆ శనివారం అమ్మ ఎప్పుడూ పెట్టేదానికంటే చాలా ఎక్కువ పిండి పెట్టింది. గోడ పొడుగునా తెల్లగా చల్లింది. బాపు పళ్ళు తోముకుంటూ చూసి, "ఏందే, ఇయ్యాల చీమలకు పండుగనా?" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

ఇప్పుడు వర్ణన రాస్తున్నాను. తల పొడవు, దవడ పొడవు, వెంట్రుకల తీరు, నడుం ఆకారం. రాణి దగ్గరికి వచ్చేసరికి పని సాగడం లేదు. సైన్సు చదివినదాన్ని, చీమకూ మనిషి గుండెకూ సంబంధం లేదని క్లాసులో నిలబడి చెప్పగలను. రెండు వాక్యాలు రాస్తాను. ముందుగదిలో బాపు దగ్గుతాడు. దుకాణంలో మిరపకాయల ఘాటుకు దగ్గడం ఆయనకు మామూలే. అయినా లేచి వెళ్తాను. "ఏంది బిడ్డా?" అంటాడు. ఏం లేదు, మంచినీళ్ళకొచ్చిన అంటాను. నాకంటే ముందే అమ్మ వచ్చి అక్కడ నిలబడి ఉంటుంది.