బండారు మీద ఒట్టు, కంచె మీద కన్ను

శంకరప్ప స్వాతంత్ర్య సమరయోధుడట! తాండూరు స్టేషన్ ముందర మైకు పెట్టి ఆ మాట చెబుతుంటే హన్మమ్మ పక్కకు తిరిగి ఉమ్మేసింది. నలభై ఎనిమిదిలో రజాకార్లు ఊరి మీద పడ్డ నాడు ఈ వీరుణ్ణి గొర్రెపిల్లల గంప కింద దాచింది ఎవరు? తోడబుట్టిన అక్క, తనే. వాళ్లు పోయాక బయటికి లాగితే ధోతి తడిసి ఉంది. ఆ తడి ధోతే యాభై రెండు ఎన్నికల నాటికి ఇస్త్రీ ఖద్దరైంది.

అయినా తమ్ముడు కదా, ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగింది. తమ కురుమలకు కావలసింది ఒక్కటే, ఊరి పడమటి కంచె, అంటే మందలు మేసే బీడు. అక్కడ గడ్డి ఉంటేనే గొర్రెలు, గొర్రెలుంటేనే బతుకు. ఆ గడ్డి కింద నాపరాయి ఉందని కాంట్రాక్టర్లకు అప్పటికే వాసన తగిలింది. శంకరప్ప బీరప్ప గుడిలో బండారు, అదే దేవుడి పసుపు, పిడికిట పట్టి, "నా పానం ఉన్నన్ని దినాలు కంచెల గడ్డపార దిగదు" అని ఒట్టు పెట్టుకున్నాడు. గెలిచాడు. యాభై ఏడులో మళ్లీ గెలిచాడు.

ఆ మరుసటేడు ఊళ్లో దండోరా వేశారు. కంచెను రాయి తీయడానికి గుత్తకిస్తున్నారు, వద్దనేవాళ్లు పదిహేను రోజుల్లో తాండూరు తాసీలు కచేరీలో చెప్పుకోవాలని. కురుమ పెద్ద దేవప్ప బయలుదేరబోతే హన్మమ్మే అడ్డం నిలబడింది.

"బండారు వట్టినంక మల్ల కచేరిల కాయిదం వెడ్తరా? దేవుణ్ని శంకించినట్టు గాదా?"

దేవప్ప తలరుమాలు విప్పి కూర్చున్నాడు. ఒక్కరూ పోలేదు. పదహారో నాడు కంచెలో హద్దురాళ్లు పాతారు. గుత్త ఎవరి పేరిట? శంకరప్ప బామ్మర్ది పేరిట.

హన్మమ్మ రైలెక్కి వికారాబాదులో తమ్ముడి ఇంటికి పోయింది. వరండాలో పెద్దమనుషులున్నారు. "ఎవరీమె?" అని ఒకాయన అడిగితే, "మా ఊరామె, గొర్లు కాస్తది" అన్నాడు శంకరప్ప. అక్క అనడానికి నాలుక తిరగలేదు మహానుభావుడికి! వాళ్లు లేచి పోయేదాకా ఆమె నిలబడే ఉంది.

"బండారు వట్టిన చెయ్యి ఏదిరా? జర సూపియ్యి."

"నెత్తి తినకక్కా. గది గుడి ముచ్చట, గిది సర్కారు ముచ్చట."

"ఓట్లడిగిన్నాడు రెండూ ఒక్కటే ఉండెగద!"

అతను గొంతు తగ్గించాడు. "నీ మందకు ఫికర్ లేదు. ఉత్తరం దిక్కు పదెకరాలు నీకు ఇడిపిస్త. మనోళ్లు లొల్లి జెయ్యకుంట నువ్వు జూస్కో."

కోపమైతే చెంప పగలగొట్టేది. ఇది కోపం కాదు, అసహ్యం. కొట్టాలన్నా ఆ ఒంటిని ముట్టుకోవాలి కదా.

"కుక్క గూడ తిన్నింటికి కావలుంటదిరా. నువ్వు ఇల్లే అమ్ముకున్నవ్" అని మెట్లు దిగింది.

ఊళ్లో ఏదీ దాచలేదు, పదెకరాల సంగతి కూడా.

"ఇగ ఏం జేద్దామే హన్మక్కా?" అన్నాడు దేవప్ప.

"ముందుగాల నన్ను తిట్టుండ్రి. ఆపింది నేనే."

తిట్టారు. తలవంచుకుని అన్ని మాటలూ పడింది. అందరూ కలిసి కచేరీకి పోతే, గడువు దాటిందని గుమస్తా తలెత్తకుండానే చెప్పాడు.

రెండేళ్లలో మందలు అమ్ముడుపోయాయి. గొర్రెలు కాసిన చోటే మగవాళ్లు ఆ బామ్మర్ది దగ్గర రాయి కొట్టే కూలీలయ్యారు. హన్మమ్మ మాత్రం అమ్మలేదు. ఎండాకాలం ముందే మందను చించోళి దిక్కు తోలుకుపోయేది, పరాయి చేలల్లో పడుకునేది.

అరవై రెండులో శంకరప్ప మూడోసారి నిలబడ్డాడు, గెలిచాడు కూడా. సిగ్గు లేనివాడికి ఓటమి ఎక్కడిది! ఓట్లకు నాలుగు రోజుల ముందు మాత్రం చించోళి తోవలో ఆమెను వెతుక్కుంటూ జీపులో వచ్చాడు.

"అక్కా, ఊళ్లె మీటింగున్నది. నువ్వు పక్కకు నిలవడితె సాలు. మనోళ్లు నీ మాటే ఇంటరు."

"నిజమే. ఒకపారి ఇన్నరు. గందుకే రాళ్లు గొడుతున్నరు" అంది హన్మమ్మ. మందను రోడ్డుకు అడ్డంగా మళ్లించింది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి వేశాడు.

"కొట్టకు బిడ్డా, బెదురుతయ్. కడుపుతోని ఉన్నయ్."

అరవై గొర్రెలు దాటేదాకా జీపు ఆగే ఉంది. ఎమ్మెల్యే ఖద్దరంతా దుమ్ము. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఎండ ఎక్కకముందే మందను నీళ్ల దగ్గరికి చేర్చాలి.