నాయనమ్మ పుండు

క్యాన్సరని మా అమ్మకు రొమ్ము తీసేసిన ఏడే మా మేనత్త, బావకు నన్ను చేసుకుంటానన్న మాట వెనక్కి తీసుకుంది. పెళ్లి తప్పినందుకు నాకేం బాధ లేదు. ఆర్.కె.పేట నుంచి తిరువళ్లూరు దాకా చుట్టాలందరికీ "తల్లి రక్తమే చెడ్డది, కూతురికీ వస్తుంది" అని చాటింపు వేసిందే, ఆ కక్ష మాత్రం కడుపులో రగులుతూనే ఉండిపోయింది. అమ్మ అది నిజమేననుకుని నా దగ్గర తప్పు చేసినదానిలా ఉండేది.

పోయినేడు నాకూ గడ్డ లేచింది. ఇంకేం, అత్త నోటికి పండగే. ఆపరేషనయ్యాక డాక్టరమ్మ మా అందరికీ జీన్ పరీక్ష చేయించింది. లోపం నాలో ఉంది, అమ్మలో లేదు. నాన్నలో ఉంది! అమ్మది వంశంగా వచ్చింది కాదట. ఆడవాళ్ల జబ్బు కదా అని మేమెవరమూ నాన్న వైపు చూడనే లేదు. లోపమున్న వాళ్లందరికీ జబ్బు రాదట. జీన్ల మీద గుర్తుల్లాంటివి ఉంటాయట, కొన్ని వాటిని నిద్రపుచ్చుతాయి, కొన్ని లేపుతాయి. అయినా నాన్న వైపు ఆడవాళ్లంతా చూపించుకోవాలంది.

నాన్నను నిలదీశాను. నాయనమ్మ పోయింది మాకు చెప్పినట్టు కామెర్లతో కాదట, రొమ్ములో పుండుతో. దానికి గుడ్డలు మార్చింది అత్తే, బయటికి చెప్పొద్దన్నదీ అత్తే. అన్నీ తెలిసి మా అమ్మను ఆడిపోసుకుంది, మహాతల్లి.

అత్త మనవరాలికి తిరుత్తణిలో చెవులు కుట్టించారు. మేనమామగా బావ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. అదయ్యాక మండపంలో అందరూ పంక్తికి కూర్చుంటుంటే నేను కాగితాలతో అత్త ముందు నిలబడ్డాను.

"నాయనమ్మ ఎట్ల పోయిందో చెప్పు అత్తా. అందురూ వినల్ల."

కామెర్లేనంది. నేను నాన్న రిపోర్టు చదివి, ఆ లోపం అత్తకూ అత్త పిల్లలకూ ఉండొచ్చని గట్టిగా చెప్పాను. పిల్లను ఊరుకోబెడుతున్న అత్త కూతురు తలెత్తి, నిజమేనా అని తల్లిని అడిగింది.

"పుండే," అంది అత్త. "తెలిస్తే మిమ్మల్ని ఎవురు చేసుకుంటారని దాచినాను."

"ఆర్నెల్లుగా గడ్డ తగల్తా ఉందంటే పాలగడ్డలే అంటివే. తెలిసే అన్నావా అమ్మా?"

ఆ గడ్డ సంగతి నాకూ తెలియదు. అత్త మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. మరదలి చెయ్యి పట్టుకుని తిరువళ్లూరు ఆస్పత్రికి బయల్దేరదీశాను. అత్త ఏడుస్తూ వెంటబడింది.

"నువ్వు రావద్దు" అన్నది నేను కాదు, దాని కూతురే.